చెయ్యి ఇక్కడ, కంట్రోలర్ వంటింట్లో: వీఆర్ ట్రాకింగ్ సరిచేసుకోవడం ఎలా

గుంటూరు బ్రాడీపేట నుంచి మా బావమరిది రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. వాడు ఆడేది వీఆర్ ఆట, అంటే కళ్ళకి హెడ్‌సెట్ పెట్టుకుని, రెండు చేతుల్లో కంట్రోలర్లు పట్టుకుని బొమ్మల ప్రపంచంలో దిగి ఆడేది. చేతులు ఎక్కడున్నాయో అది పట్టుకోవడమే ట్రాకింగ్. "బావా, విల్లు లాగుతుంటే నా కుడిచెయ్యి ఎగిరి వంటింట్లోకి పోతోంది, కంట్రోలర్ పోయినట్టుంది, కొత్తది ఆర్డర్ పెట్టెయ్యనా?" ఆగరా బాబూ అన్నాను. హెడ్‌సెట్ కొన్న కొత్తలో నేనూ ఇదే అనుకున్నాను. విజయవాడ పటమటలో మా ఫ్లాట్‌లో రెండు నెలలు తిట్టుకుంటూ ఆడాక అర్థమైందేమిటంటే, చాలాసార్లు తప్పు కంట్రోలర్‌ది కాదు, గదిది. డబ్బు ఖర్చు పెట్టేముందు గదిని చూడాలి, గదిని చూసేముందు కొలవాలి. ఎలాగో చెప్తాను.

ముందు లోపల ఏం జరుగుతోందో కాస్త తెలియాలి, లేకపోతే దేన్ని సరిచేస్తున్నామో తెలియదు. కరెంటు పోయినప్పుడు చీకట్లో అడుగులు లెక్కపెట్టుకుంటూ వంటింట్లో అగ్గిపెట్టె దాకా వెళ్తాం కదా, కంట్రోలర్ కూడా అదే చేస్తుంది. దాంట్లో కదలికలో మార్పు కొలిచే యాక్సిలరోమీటర్, తిరగడం కొలిచే జైరో ఉంటాయి. సెకనుకి వందల సార్లు అవి చెప్పిన అంకెల్ని కూడుకుంటూ వేగం, ఆ వేగాన్ని మళ్ళీ కూడుకుంటూ దూరం కడతారు. రెండుసార్లు కూడిక అన్నమాట, అక్కడే వస్తుంది చిక్కు. కంట్రోలర్ తన వంపుని ఒక్క డిగ్రీ తప్పుగా అనుకుందనుకోండి, భూమ్యాకర్షణలో కొంచెం, సెకనుకి 0.17 మీటర్ల చొప్పున పెరిగే వేగంగా, లెక్కలోకి జారిపోతుంది. ఒక సెకనులో చెయ్యి 8 సెంటీమీటర్లకి పైగా పక్కకి పోతుంది. రెండు సెకన్లకి రెట్టింపు కాదు, నాలుగు రెట్లు, అంటే 34 సెం.మీ. చీకట్లో నడిచేవాడు మధ్యమధ్యలో గుమ్మం తడిమి చూసుకుని దారి సరిచేసుకున్నట్టు, కంట్రోలర్‌కి కూడా ఎవరో ఒకరు "నువ్వు ఉన్నది ఇక్కడ" అని గుర్తుచేస్తూ ఉండాలి. ఆ పని కెమెరాలది.

క్వెస్ట్ అనే వీఆర్ హెడ్‌సెట్ల వరసలో 2019లో వచ్చిన మొదటిదాంట్లో హెడ్‌సెట్ మీద నాలుగు కెమెరాలుంటే, కంట్రోలర్ రింగులో కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు ఉండేవి, క్వెస్ట్ 2 కూడా అంతే. ఏ ఎల్‌ఈడీ ఎక్కడ కనిపిస్తోందో చూసి కంట్రోలర్ ఎక్కడ, ఎటు తిరిగి ఉందో లెక్క తేలుస్తారు. కనీసం మూడు చుక్కలు కనిపించాలి, మూడింటితో కూడా ఒకటికంటే ఎక్కువ జవాబులు వస్తాయి కాబట్టి నాలుగోది ఉంటే గానీ ఖాయం కాదు. వీపు వెనక్కి చెయ్యి పెడితే చుక్కలు ఉండవు, మళ్ళీ చీకట్లో నడకే. 2022లో వచ్చిన క్వెస్ట్ ప్రో కంట్రోలర్‌లకి వాటి సొంత కెమెరాలే పెట్టేశారు, అవి హెడ్‌సెట్‌కి కనిపించకపోయినా గదిని చూసి చోటు కనుక్కుంటాయి. ఖరీదైన పరిష్కారం, కానీ తెలివైనది.

ఇక్కడే మొదటి పరీక్ష. చెయ్యి తప్పినప్పుడు ఒక్క చెయ్యే తప్పిందా, లేక రెండు చేతులూ, నేలా, గోడలూ అన్నీ కలిసి జరిగాయా? ఒక్క చెయ్యే అయితే కంట్రోలర్ చుక్కలు కనిపించడంలో ఏదో అడ్డం ఉంది. అన్నీ కలిసి జరిగితే కంట్రోలర్‌ని వదిలెయ్యండి, హెడ్‌సెట్‌కే తను గదిలో ఎక్కడుందో తెలియట్లేదు. ఈ తేడా చూసుకోకుండా బ్యాటరీలు మార్చుకుంటూ కూర్చునేవాళ్ళు చాలామంది, నేను కూడా రెండు ప్యాకెట్లు తగలేశాను.

టైల్స్‌తో కొలవడం

మన ఫ్లాట్లలో ఎక్కువగా రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్ వేస్తారు, అంటే 60 సెం.మీ. గళ్ళు. ఇంతకన్నా మంచి గ్రాఫ్ పేపర్ ఎక్కడ దొరుకుతుంది! నాలుగు టైల్స్ పొడవు టేపుతో కొలవండి, సందులతో కలిపి 240 పైన కొద్ది మిల్లీమీటర్లు వస్తుంది, వచ్చింది రాసుకోండి. కంట్రోలర్‌ని ఒక టైల్ మూలలో పెట్టి దాని స్థానం చదవండి, నాలుగు టైల్స్ అవతల పెట్టి మళ్ళీ చదవండి. రెండు స్థానాల మధ్య దూరం టేపు చెప్పినదానికి సరిపోవాలి. అంకెలు చదవడానికి చిన్న వెబ్ పేజీ చాలు. వెబ్‌ఎక్స్‌ఆర్‌లో (బ్రౌజర్‌లోనే వీఆర్ నడిపే పద్ధతి) కంట్రోలర్ గ్రిప్ స్పేస్‌కి, అంటే చేత్తో పట్టుకునే చోటుకి, పోజ్ (స్థానం, వంపు) అడిగితే ఎక్స్, వై, జడ్ మీటర్లలో ఇస్తుంది, వై అంటే ఎత్తు. కోడింగ్ రాకపోతే మీ ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లవాడికి ఒక సాయంత్రం పని.

ఒక జాగ్రత్త. రెండు చోట్లా కంట్రోలర్ మూతి ఒకే వైపు ఉండాలి. సాఫ్ట్‌వేర్ చెప్పే స్థానం మీరు పట్టుకునే చోటుది, అంచుది కాదు, కాబట్టి అంచుని టైల్ మూలకి ఆనించి కంట్రోలర్‌ని తిప్పేస్తే ఊరికే నాలుగైదు సెంటీమీటర్ల తేడా వచ్చేస్తుంది, లేని తప్పు కోసం వెతుక్కుంటూ కూర్చుంటారు. నేల మీద పెట్టి వదిలేసి అటు తిరక్కండి, హెడ్‌సెట్ దాన్ని చూస్తూనే ఉండాలి.

ఇది నిలకడ పరీక్ష, సులభం. అసలైనది తిరిగొచ్చే పరీక్ష: మూలలో పెట్టి అంకె రాసుకుని, చేతిలోకి తీసుకుని పదిసార్లు గట్టిగా ఊపి, తల చుట్టూ తిప్పి, వీపు వెనక్కి ఒకసారి పోనిచ్చి, మళ్ళీ అదే మూలలో అదే తీరుగా పెట్టండి. సెంటీమీటరు లోపు తేడా అయితే ఆటలకి దివ్యంగా ఉన్నట్టే. మూడు నాలుగు దాటితే గదిలో ఏదో ఉంది. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ట్యూబ్‌లైట్ కింద విడివిడిగా చెయ్యండి, ఎందుకంటే తప్పులు చాలావరకు వెలుతురుతో పాటు మారతాయి. మా హాల్లో పొద్దున అంతా బాగుండి సాయంత్రం నాలుగున్నరకి పడమటి కిటికీలోంచి ఎండ పడగానే చేతులు వణకడం మొదలయ్యేది.

బీరువా అద్దం సంగతి

బ్రాడీపేటకి ఆదివారం వెళ్ళాను. వాడు ఆడేది పడగ్గదిలో, మంచం గోడకి జరిపి. ఎదురుగా స్టీలు బీరువా, దాని తలుపుకి నిలువుటద్దం. హెడ్‌సెట్ పెట్టుకుని విల్లు లాగితే, అంటే ఎడమచెయ్యి ముందుకి చాచి కుడిచెయ్యి చెంప దగ్గరికి తెస్తే, కుడి కంట్రోలర్ కెమెరాలకి బాగా పక్కకి పోతుంది, సగం చుక్కలు మరుగవుతాయి. అదే క్షణంలో అద్దంలో మాత్రం ఆ రింగు నిండుగా, ఎదురుగా కనిపిస్తోంది. అసలైనది మసకగా ఉంది, ప్రతిబింబం స్పష్టంగా ఉంది, సాఫ్ట్‌వేర్ స్పష్టంగా ఉన్నదాన్ని నమ్మేసింది. అద్దానికి నాలుగడుగుల ముందు చెయ్యి ఉంటే ప్రతిబింబం అద్దానికి నాలుగడుగుల వెనక ఉన్నట్టు లెక్క వస్తుంది. అద్దం వెనక బీరువా, బీరువా వెనక గోడ, గోడ వెనక వంటిల్లు. చెయ్యి వంటింట్లోకి పోయిందని వాడు అన్నది అక్షరాలా నిజం! బీరువా మీద దుప్పటి కప్పి మళ్ళీ తిరిగొచ్చే పరీక్ష చేస్తే, అంతకుముందు అడుగు పైన వచ్చిన తేడా 6 మిల్లీమీటర్లకి దిగింది. ఇప్పుడు సమస్యల్లా మా అత్తగారు చీర సర్దుకోవడానికి దుప్పటి తీసి మళ్ళీ కప్పడం మర్చిపోవడమే.

అద్దాలంటే బీరువా ఒక్కటే కాదు. టీవీ తెర, షోకేస్ గాజు తలుపులు, గాజు ఫ్రేములో పెళ్ళి ఫోటో, పాలిష్ పెట్టిన గ్రానైట్, రాత్రిపూట కిటికీ గాజు, ఇవన్నీ దొంగలే. పట్టుకోవడానికి ఒక చిట్కా ఉంది. లైట్లు ఆపేసి, ఫోన్ టార్చ్‌ని నుదుటికి ఆనించి పట్టుకుని, ఆట ఆడే చోట నిలబడి మెల్లగా చుట్టూ తిరగండి. ఎక్కడ టార్చ్ వెలుగు సూటిగా మీ కంట్లోకి తిరిగొస్తుందో అక్కడ హెడ్‌సెట్ కెమెరాకి కూడా తిరిగొస్తుంది. పాత చీరో, దుప్పటో కప్పేస్తే సరిపోతుంది.

వెలుతురు, గోడలు

గది చిమ్మచీకటిగా ఉన్నా కంట్రోలర్ ఎల్‌ఈడీలు వెలుగుతూనే ఉంటాయి, కానీ హెడ్‌సెట్‌కి గోడలు కనిపించవు, అప్పుడు ప్రపంచమంతా జారుతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద హాల్లో ఒక్క బల్బు వెలుగుతున్నప్పుడు ఆట ఆడాలని ముచ్చటపడకండి. మరీ ఎక్కువ వెలుతురు కూడా పనికిరాదు. ఎండలో ఇన్‌ఫ్రారెడ్ దండిగా ఉంటుంది కాబట్టి అందులో ఎల్‌ఈడీ చుక్కలు కలిసిపోతాయి. అంతకన్నా ముఖ్యం, హెడ్‌సెట్ లోపలి లెన్సుల మీద నేరుగా ఎండ పడితే అవి భూతద్దంలా పనిచేసి లోపలి తెరని కాల్చేస్తాయి. మే నెలలో విజయవాడ ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు, బాల్కనీలో కుర్చీ మీద బోర్లా కాకుండా పెట్టి టీ తాగడానికి వెళ్ళకండి.

మన కరెంటు 50 సైకిళ్ళది, ట్యూబ్‌లైట్ సెకనుకి వందసార్లు మినుకుతుంది, కంటికి తెలియదు గానీ కెమెరాకి తెలుస్తుంది. క్వెస్ట్ సెట్టింగుల్లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ అని ఉంటుంది, ఆటోలో వదలకుండా 50 పెట్టండి. నాసిరకం ఎల్‌ఈడీ బల్బులు ఇంకా ఘోరంగా మినుకుతాయి. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి చూస్తే గది వెలుగుతూ ఆరుతూ కనిపిస్తుంది, ఆ బల్బు మార్చెయ్యండి.

హెడ్‌సెట్ తన చోటు తెలుసుకునేది గదిలోని గుర్తుల్ని బట్టి: తలుపు మూల, స్విచ్‌బోర్డు, గోడ క్యాలెండర్. కొత్త ఫ్లాట్లో నాలుగు వైపులా తెల్లగోడలుంటే దానికి పట్టు దొరకదు. ఇందాక పొగిడిన టైల్స్ ఇక్కడ శత్రువులు, ఎందుకంటే ప్రతి టైలూ పక్కదానిలాగే ఉంటుంది, ఒక గడి జరిగినా తేడా తెలియదు. ఒక తివాచీ పరవండి, గోడకి రెండు మూడు పోస్టర్లు వేర్వేరు ఎత్తుల్లో అంటించండి. పిల్లల ఇంట్లో ట్రాకింగ్ బాగుంటుందని నా అనుభవం, గోడలనిండా రాతలే కదా.

పండగలప్పుడు ఇంకో గొడవ. దసరాకో దీపావళికో కిటికీకి సీరియల్ లైట్లు వేలాడదీస్తే, క్రిస్మస్‌కి గుమ్మం మీద స్టార్ పెడితే, కెమెరాకి అవన్నీ కంట్రోలర్ చుక్కల్లాగే ఉంటాయి. దేవుడి దగ్గర దీపం కూడా అంతే, మంటలో ఇన్‌ఫ్రారెడ్ ఉంటుంది. 2006లో వచ్చిన నింటెండో వీ రిమోట్‌లో కెమెరా రిమోట్‌లోనే ఉండి, టీవీ మీద పెట్టే సెన్సార్ బార్‌లో ఉత్త ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలే ఉండేవి, ఆ బార్ పాడైతే దాని బదులు రెండు కొవ్వొత్తులు వెలిగించి ఆడుకునేవాళ్ళు. కొవ్వొత్తి పనిచేసిందంటే దీపం ఎందుకు మోసం చెయ్యదు? దీపం ఆర్పమని ఇంట్లో అనకండి, మీరే అటు తెర వెయ్యండి.

ఎల్‌ఈడీలు అసలు వెలుగుతున్నాయా అన్న అనుమానం ఉంటే, ముందు టీవీ రిమోట్ నొక్కి ఫోన్ సెల్ఫీ కెమెరాతో చూడండి. రిమోట్ ఎల్‌ఈడీ ఊదారంగులో మెరిస్తే ఆ కెమెరా ఇన్‌ఫ్రారెడ్ చూడగలదని అర్థం. దాంతోనే చీకట్లో రెండు కంట్రోలర్ రింగుల్నీ పక్కపక్కన పెట్టి పోల్చండి. ఒకదాంట్లో ఒక పక్క మొత్తం నల్లగా ఉంటే అప్పుడు మాత్రం తప్పు కంట్రోలర్‌దే.

గోడకి పెట్టే బేస్ స్టేషన్లు ఉంటే

2016లో హెచ్‌టీసీ వైవ్ హెడ్‌సెట్‌తో వచ్చిన పద్ధతి ఇందాకటి కెమెరా పద్ధతికి తిరగేసింది. గది మూలల్లో పెట్టిన పెట్టెలు, అంటే బేస్ స్టేషన్లు, లేజర్ గీతతో గదిని ఊడుస్తాయి, కంట్రోలర్ మీది సెన్సార్లు ఆ గీత తమ మీదుగా ఎప్పుడు పోయిందో గమనిస్తాయి. కోణాన్ని కాలంతో కొలవడమన్నమాట. మొదటి తరం పెట్టెలో లేజర్‌ని తిప్పే రోటార్ సెకనుకి 60 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక్క మైక్రోసెకను తప్పు రెండు మీటర్ల దూరంలో ముప్పావు మిల్లీమీటరు. అంత సున్నితమైన దాన్ని ఫ్రిజ్ మీద పెట్టి వణుకుతోందంటే ఏం చెప్తాం? ఆరున్నర అడుగుల పైన, ఎదురెదురు మూలల్లో, గోడకి స్క్రూలతో బిగించి, 30 నుంచి 45 డిగ్రీలు కిందికి వంచండి. సీలింగ్ ఫ్యాన్ అయిదులో పెట్టినప్పుడు ఊగే ఫాల్స్ సీలింగ్‌కి బిగించొద్దు. అద్దాలు దీనికీ శత్రువులే.

కంప్యూటర్‌కి పెట్టే వైర్‌లెస్ డాంగిల్‌ని యూఎస్‌బీ 3 పోర్టు పక్కన గుచ్చితే ఆ పోర్టు చేసే రేడియో గోల 2.4 గిగాహెర్ట్జ్ మీద పడుతుంది, చెయ్యి మధ్యమధ్యలో గడ్డకట్టినట్టు ఆగుతుంది. ఒక మీటరు ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో డాంగిల్‌ని దూరంగా పెట్టండి.

సొంతంగా చేసుకుంటే

ఇదంతా కొనకుండా వెబ్‌క్యామ్‌తో చేద్దామనుకునేవాళ్ళకి, దారి ఉంది. 2010లో సోనీ ప్లేస్టేషన్ మూవ్ చేసింది ఇదే: కర్ర చివర వెలిగే బంతి, దాన్ని చూసే ఒక కెమెరా. టేబుల్ టెన్నిస్ బంతికి చిల్లు పెట్టి లోపల ఎల్‌ఈడీ దూర్చితే మీకూ అదే తయారు. రంగు మాత్రం ఆలోచించి ఎంచుకోండి, గడపకి పసుపు, కుంకుమ ఉన్న ఇంట్లో ఎరుపు, పసుపు పనికిరావు, నాకు మెజెంటా కుదిరింది. కెమెరా ఆటో ఎక్స్‌పోజర్ ఆపి బాగా తగ్గించండి, లేకపోతే బంతి తెల్లగా పాలిపోయి రంగే తెలియదు. ఆటో ఫోకస్ కూడా ఆపెయ్యండి, అది మారిన ప్రతిసారీ లెక్క మారుతుంది.

బంతి ఎంత చిన్నగా కనిపిస్తే అంత దూరం. నా వెబ్‌క్యామ్ ఫోకల్ లెంగ్త్ సుమారు 600 పిక్సెళ్ళు, అంటే మీటరు దూరంలో ఉన్న మీటరు వెడల్పు వస్తువు ఫోటోలో 600 పిక్సెళ్ళు వస్తుంది. 4 సెం.మీ. బంతి మీటరు దూరంలో 24 పిక్సెళ్ళుగా, రెండు మీటర్లలో 12గా కనిపిస్తుంది. అక్కడ ఒక్క పిక్సెల్ పొరపాటుగా 13 అనుకుంటే దూరం 1 మీటరు 85 అని వస్తుంది, 15 సెం.మీ. తప్పు! అదే పిక్సెల్ పక్కకి తప్పితే మూడు మిల్లీమీటర్ల చిల్లర మాత్రమే. కెమెరా పక్కలకి గద్ద, లోతుకి గుడ్డి. మందు ఏమిటంటే రెండో కెమెరాని పక్కగోడకి, మొదటిదానికి అడ్డంగా పెట్టడం, అప్పుడు ఒకదాని లోతు ఇంకోదానికి పక్క అవుతుంది. కాకపోతే మామూలు వెబ్‌క్యామ్‌లు రెండూ ఒకే క్షణంలో ఫోటో తీయవు, సెకనుకి 30 ఫ్రేములైతే 33 మిల్లీసెకన్ల దాకా తేడా ఉండొచ్చు, సెకనుకి మీటరు వేగంతో కదిలే చెయ్యి ఆలోపు 3 సెం.మీ. పోతుంది.

క్యాలిబ్రేషన్‌కి, అంటే కెమెరా లెక్కని అసలు కొలతలతో సరిచూసుకోవడానికి, ఓపెన్‌సీవీ అనే ఫోటోల లెక్కలు చేసే సాఫ్ట్‌వేర్‌లో చదరంగం గళ్ళ కాగితం వాడతారు. నేను మా వీధిలో జిరాక్స్ షాపులో 25 మి.మీ. గళ్ళు ప్రింట్ తీయించుకొచ్చి, నీటుగా అట్టకి అంటించి, అన్నీ చేసి, టైల్స్ మీద చూస్తే 240 రావాల్సింది 250 వస్తోంది. ఎక్కడ చూసినా అదే వరస, నాలుగు శాతం. రెండు రోజులు కోడ్ తిరగేశాను. చివరికి స్కేలు పెట్టి కొలిస్తే గడి 24 మిల్లీమీటర్లే ఉంది, ఆ అబ్బాయి కాగితానికి సరిపోయేలా కుదించి తీశాడు. ఫోకల్ లెంగ్త్‌కి దీంతో తేడా రాదు గానీ రెండు కెమెరాల మధ్య దూరం, దాంతో పాటు మీరు కొలిచే ప్రతి దూరం తప్పుతాయి. వంద శాతం సైజులో తీయమని చెప్పండి, తీశాక స్కేలుతో కొలిచి, వచ్చిన అంకెనే కోడ్‌లో పెట్టండి.

బంతి తిరగడం కెమెరాకి తెలియదు, గుండ్రంగా ఉంటుంది కదా. దానికి యాక్సిలరోమీటర్, జైరో రెండూ ఉన్న ఎంపీయూ6050 లాంటి చిన్న బోర్డు కర్రకి తగిలించాలి. వాడేముందు బల్ల మీద కదలకుండా కొన్ని సెకన్లు పెట్టి, జైరో సున్నా ఎంత తప్పుతోందో చూసి తీసెయ్యండి. వేడితో ఆ సున్నా జరుగుతుంది, ఏసీ వేసిన అరగంటకి మళ్ళీ చెయ్యాలి. వంపుని భూమ్యాకర్షణ సరిచేస్తుంది గానీ నిలువుగా బొంగరంలా తిరగడాన్ని సరిచేయదు, దానికి దిక్సూచి సెన్సార్ కావాలి, ఆ సెన్సార్‌ని మళ్ళీ ఇనపమంచం, బీరువా పక్కదారి పట్టిస్తాయి. బీరువాకి ఎన్ని రకాలుగా పగో చూడండి.

ఇక వణుకు. వచ్చిన అంకెల్ని సగటు తీస్తే వణుకు తగ్గుతుంది, చెయ్యి మాత్రం వెనకబడుతుంది. గట్టిగా ఊపిన చెయ్యి సెకనుకి 3 మీటర్లు పోతుంటే 20 మిల్లీసెకన్ల ఆలస్యం 6 సెం.మీ. అవుతుంది. 2012లో వచ్చిన వన్ యూరో ఫిల్టర్ ఈ పనికి చక్కగా సరిపోతుంది, చెయ్యి నెమ్మదిగా ఉన్నప్పుడు గట్టిగా నున్నచేస్తుంది, వేగంగా ఉన్నప్పుడు వదిలేస్తుంది. తిప్పాల్సినవి రెండే: నెమ్మదిగా ఉన్నప్పుడు ఎంత నున్నచెయ్యాలో చెప్పే మిన్ కటాఫ్, వేగం పెరిగితే ఎంత వదిలెయ్యాలో చెప్పే బీటా. ముందు బీటా సున్నా పెట్టి, చెయ్యి నిలిపి ఉంచి, వణుకు ఆగేదాకా మిన్ కటాఫ్ తగ్గించుకుంటూ రండి. తర్వాత చెయ్యి ఊపుతూ, తెరలో బంతి మీ బంతి వెంటే వచ్చేదాకా బీటా పెంచండి. ఆ అంకెలు కాగితం మీద రాసి కెమెరా వెనక అంటించుకోండి, మళ్ళీసారి కెమెరా జరిగినప్పుడు ఇల్లంతా వెతుక్కోనక్కర్లేదు.